అంటు కత్తెర

ఎవరు ఏ పని మొదలెట్టినా అది చెడిపోయే దారే ముందు కనబడేది సూరమ్మకి. అందుకే కడియం నర్సరీలో ఆవిడంత జాగ్రత్తగా మామిడి అంటు కట్టేవాళ్ళు లేరు. అందుకే, ఐటీఐ చదివిన కూతురు దీవెన అంటు కట్టడానికో కత్తెర చేస్తానన్న రోజు ఆవిడకి ముద్ద దిగలేదు.

"వేళ్ళు తెగ్గొట్టుకుంటావే!"

"నీ కత్తికే కదమ్మా వేళ్ళు తెగేది. ఇదైతే నొక్కితే చాలు. టెంక మొక్కకీ, పైన గుచ్చే పుల్లకీ ఒకే కోత పడుద్ది."

వెనకటికైతే ఇలాంటిది చేయించాలంటే రాజమండ్రి వర్క్‌షాపుల చుట్టూ తిరగాలి. ఇప్పుడు చేత్తో పట్టుకునే డ్రిల్లూ, చిన్న గ్రైండరూ ఏసుపాదం వెల్డింగు కొట్లోకే వచ్చేశాయి. అతను భోజనానికి వెళ్ళినప్పుడల్లా దీవెన వాటి ముందు కూర్చునేది. హాక్సా బ్లేడు అరగదీసింది. సైకిలు బ్రేకు పిడి బిగించింది. కుదరకపోతే విప్పి మళ్ళీ చేసింది.

నర్సరీ యజమాని బంగార్రాజు గారు కత్తెర పనితనం చూడ్డానికి ఒక వరస మొక్కలిచ్చారు. "చిగురేస్తే మనవాళ్ళందరికీ ఇవే చేయిస్తాను. లేదంటే మళ్ళీ ఆ ఊసెత్తకు."

అంట్లు కట్టి, ప్లాస్టిక్ పట్టీ చుట్టారు. ఇక సూరమ్మ మనసు మనసులో లేదు. గాలి తగిలితే అంటు చస్తుందని తెలుసు. అయినా రోజూ అందరికంటే ముందెళ్ళి, పంపు పక్క మొక్కకి కట్టు కాస్త విప్పి, అతుక్కుందో లేదో చూసి చుట్టేసేది. మర్నాడు దాని పక్కది.

కొన్నాళ్ళకి వరసంతా ఎర్రగా చిగురేసింది. పంపు పక్కవి మాత్రం నల్లబడి ఎండిపోయాయి.

"ఇటు చూడు దీవెనా," అన్నారు బంగార్రాజు గారు. "ఓసారి బాగా తెగి ఓసారి తెగని కత్తెర నేనేం చేసుకోను?"

తప్పెక్కడుందోనని కత్తెర అంచు తడుముకుంటోంది పిచ్చిపిల్ల.

సూరమ్మ ముందుకొచ్చింది. "బాబుగారూ, వాటిని కత్తెర చంపలేదండి. నేను చంపానండి. అతుక్కున్నాయో లేదోనని కట్లు విప్పి చూశానండి."

పనివాళ్ళు గొల్లుమన్నారు. "కట్టు ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానని మమ్మల్ని తిట్టే సూరమ్మత్తేనా!" అంది నాగదుర్గ.

"నవ్వుకోండే! నేను ముట్టనివాటిలో ఒక్కటి పోయిందేమో చూసి చెప్పండి."

బంగార్రాజు గారు వరస చివరిదాకా నడిచెళ్ళి వచ్చారు. "పోలేదు. అందరికీ చేసిపెట్టు దీవెనా. ఈసారి మీ అమ్మని మాత్రం ఇంటి దగ్గర కట్టేసి రా."

నాగదుర్గ కత్తెర అందుకుని ఓ పుల్ల మీద నొక్కింది. "వెన్నలో దిగినట్టు దిగిందే!"

"మా దీవెన చేసింది మరి," అంది సూరమ్మ, పక్క నర్సరీకి కూడా వినబడేలా. మరుక్షణమే, "మెల్లిగా నొక్కవే, విరిగిపోద్దేమో!"