ఆడోళ్ల పెట్టె తెరవరు

"బకెట్లో క్లోరాక్స్ పోసి పెట్టు. ఎల్లుండి నువ్వు ఊరికి పొయ్యేలోగా తెల్లగా మెరుస్తా ఉండల్ల" అని చెప్పి మొగుడు మస్తాన్ వలీ పనికి వెళ్ళిపోయాడు. ఆ బ్లీచింగ్ సీసా పట్టుకుని ఖాలిదా బాత్రూం గుమ్మంలోనే నిలబడిపోయింది.

జెద్దాకు సరదాగా వచ్చినవాళ్ళను అద్దపు అడుగున్న పడవలో పగడపు దిబ్బల మీద తిప్పడం అతని ఉద్యోగం. ఆ దిబ్బల కొమ్మలు విరిచి తేవడం అతని సరదా. అవి తెల్లబడేదాకా నానబెట్టి, పాత బ్రష్షుతో కంత కంతా తోమడం మాత్రం ఖాలిదా పని. పడవ ఓనరుకొకటి, స్నేహితులకు తలా ఒకటి, అన్నీ ఆమె చేతుల మీదుగా పోయినవే. చేతులు పొరలు లేచేవి. ఘాటుకు దగ్గు తెరలొస్తే, "ఇంట్లో ఊరికే కూచునేదానివే కదా, ఈ మాత్రానికే అరిగిపోతావా?" అనేవాడు. ఈసారిది అత్త మదార్బీ షోకేసుకి. "సౌదీలో ఉండే కోడలు, ఒక రాయన్నా తేలేకపాయె" అని ఫోన్లో ఆవిడ దెప్పు.

దిబ్బ విరిస్తే కేసని జెట్టీ దగ్గర బొమ్మలేసి మరీ బోర్డు పెట్టారు. ఖాలిదా ఇకామా, అంటే ఇక్కడ ఉండేందుకు అనుమతి కార్డు, మొగుడిదాన్ని పట్టుకునే ఉంది. అతను దొరికితే ఆమెకీ ఇక్కడ నిలవ నీడ ఉండదు. కింద పోలీసు కారు ఆగితే చాలు, ప్రాణాలు అరచేతిలోకొచ్చేవి. అయినా వద్దని ఏనాడూ అనలేదు. అంటే ఏమవుతుందో అని ఇంకో భయం.

సీసా మూత తీసి వంగింది. బకెట్లో సముద్రపు నీళ్ళు, అందులో గోధుమరంగు పగడపు రాయి. ఆ మసక వెలుతుర్లో ఒక కంతలోంచి వెంట్రుకల్లాంటి వేళ్ళు మెల్లగా బయటికొచ్చాయి. పక్క కంతలోంచి ఇంకొన్ని. వేలు ముంచింది. అన్నీ ఒక్కసారిగా లోపలికి ముడుచుకుపోయాయి.

ఆ ముడుచుకోవడం ఆమెకు తెలుసు. తలుపులో తాళంచెవి తిరిగితే తనూ అట్లాగే ముడుచుకుంటుంది. అంటే ఇన్నాళ్ళూ తను తోమింది మురికి కాదు. ప్రాణమున్నవాటిని.

సాయంత్రం అతనొచ్చాడు. "ఇంకా పొయ్యలేదా?"

"ఇది బతికుంది."

"రాయి యాడన్నా బతుకుతాదా? పిచ్చిదానా! ఆ దిబ్బ మీద ఇట్లాంటివి లచ్చ ఉండాయి."

"అందరూ ఒక్కోటి పెరికితే ఏం మిగల్తాది? దిబ్బ లేకపోతే చేపలుండవు. ఉత్త ఇసక చూసేదానికి నీ పడవ ఎవరెక్కుతారు?"

"నాకే చెప్తావే? ఊరికే ఉండు. నీ పెట్టెలో చీరల నడుమ పెడతా. ఆడోళ్ల పెట్టె తెరవరు."

"తెరిస్తే?"

"తెలీదని ఏడువు. ఆడమనిషని ఇడిసిపెడతారు. నేను దొరికితే ఉద్యోగం పోతాది."

ఖాలిదా అతని మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళుగా ధైర్యమనుకున్నది ఇదా? ఇతనికీ భయమే. ఆ భయాన్ని మడతపెట్టి తన పెట్టెలో సర్దుతున్నాడు, అంతే.

కాళ్ళు వణుకుతుండగానే క్లోరాక్స్ సీసా మూత బిగించింది. బకెట్ ఎత్తుకుంది.

"కారు తీయి. జెట్టీకి పోయి, దీన్ని తెచ్చిన చోటే వదులుదాం. పెట్టెలో పెట్టినావో, ఎయిర్‌పోర్టులో నేనే తెరుస్తా. ఎవరు పెట్టినారో కూడా నేనే చెప్తా."

అతను కారు తాళాలు తీసుకున్నాడు.

దారంతా బకెట్ ఆమె ఒళ్ళోనే ఉంది. దూరంగా పోలీసు లైట్లు తిరుగుతున్నాయి. ఆమెకు భయం పోలేదు. కానీ మొదటిసారి, స్టీరింగ్ మీద అతని చేతులు కూడా వణకడం చూసింది.