నాంచారక్క వెనకాల మంద

జువ్విగుంటలో ఎండ నడినెత్తికి వచ్చిందంటే ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావుల్లోని తోలు బానలు పైకి రామని మొండికేసేవి. అవి ఒకప్పుడు బర్రెలు మరి. ఆ వేళకు నీళ్లలో పడుకోవడం వాటి అలవాటు. రైతులు కూడా వాటితో పేచీ పెట్టుకోకుండా ఎద్దుల్ని విప్పి, కాసేపు నడుం వాల్చి, ఎండ చల్లబడ్డాక మళ్లీ కపిల తోలేవాళ్లు. తర్లుపాడు సంతకు బండి లాగిన ఎద్దు తోలుతో చెప్పులు కుట్టించుకున్నవాడు, కొనేదీ అమ్మేదీ ఏమీ లేకపోయినా సంతనాడు తర్లుపాడు దాకా నడిచి రావలసిందే. "యాడికి పోతాండావు మామా?" అని ఎవరైనా అడిగితే కాళ్లకేసి చూపించేవాడు. అడిగినవాడు తలూపి తన దోవన పోయేవాడు.

ఇంత ఎరుక ఉన్న ఊళ్లో పుట్టి, అందులోనూ జీవాల కాపరి లింగయ్యకు పుట్టి, అంకన్న ఆ ఒక్క సంగతీ మరిచిపోయి తోలుబొమ్మలు చేశాడు.

ఆ రోజుల్లో మార్కాపురం తాలూకా కర్నూలు జిల్లాలో ఉండేది. జిల్లా మొత్తం చెన్నపట్నం దొరల కింద ఉండేది. జువ్విగుంట మాత్రం ఎవరి కిందా ఉన్నట్టు కనిపించేది కాదు, ఎందుకంటే అంత ఎండలో అంత దూరం వచ్చే ఓపిక ఏ దొరకూ ఉండేది కాదు. బొమ్మలాట మేళంవాళ్లు మటుకు ఏటేటా వచ్చేవాళ్లు. వరసగా వానలు ఎగ్గొట్టేసరికి వాళ్లూ రావడం మానుకున్నారు.

అంకన్నకు ఇరవై ఏళ్లుంటాయి. జీవాల వెంట పోయినప్పుడు బొగ్గుముక్కతో కనిపించిన బండరాయి మీదల్లా బొమ్మ గీసేవాడు. వాడు గీస్తూ కూర్చుంటే మేకలు వాటంతటవే మేసి, వాటంతటవే ఇంటికొచ్చేవి. అట్లాంటి మందను పోయిన వేసవిలో మాయరోగం తుడిచిపెట్టింది. ఒక్క లింగయ్య మందే కాదు, ఊళ్లో సగం కొట్టాలు ఖాళీ అయ్యాయి. ఇంటింటికీ తోళ్లు మాత్రం మిగిలాయి.

"మేళం రాకపోతే ఏంది? మనమే బొమ్మలు చేసి ఆడదాం," అన్నాడు అంకన్న ఒకరోజు. అని, తన మాటకు తానే జడిసి, "మీ ఇష్టం," అని కలిపాడు.

అదీ అంకన్నతో వచ్చిన చిక్కు. చెయ్యి చక్కగా తిరుగుతుంది, నోరు తిరగదు. ఏ మాట చెప్పినా చివర "మీ ఇష్టం" అని తోక తగిలించేవాడు. వినేవాళ్లు అసలు మాట వదిలేసి తోక పట్టుకునేవాళ్లు.

అయినా ముగ్గురు చేరారు. పెదనాయన కొడుకు కాటమరాజు, నోరు పెద్దది గనుక రాజుబొమ్మ నాదే అన్నాడు. పడమటి వాడ నుంచి రత్నమ్మ పాటకు వచ్చింది. ఆమె గొంతెత్తితే దూరాన పొలంలో కలుపు తీసేవాళ్లు కూడా తలెత్తి చూసేవాళ్లు. ఆమె అన్న వరప్రసాదం ప్రార్థన పాకలోని హార్మోనియం మోసుకొచ్చాడు. అతనికి వచ్చినవి ఆదివారం పాటలు మాత్రమే. రాక్షసుడు వచ్చినా రాజు వచ్చినా ఒకే రకంగా, నెమ్మదిగా, భక్తిగా వాయించేవాడు.

కథ కూడా వాళ్లే కట్టుకున్నారు. కరువు రాక్షసుడు మబ్బుల్ని కొట్టంలో వేసి గడియ పెడతాడు. రాజు వచ్చి వాణ్ణి చంపి మబ్బుల్ని విడిపిస్తాడు. నడుమ జనం నవ్వుకోడానికి చేట పట్టుకుని తిట్టిపోసే నాంచారక్క అనే గయ్యాళి ఒకతె.

అంకన్న ఇంటింటికీ తిరిగి తోళ్లు అడిగి తెచ్చాడు. అన్నిటినీ కలిపి సున్నపు నీళ్ల గుంటలో నానేశాడు. బొచ్చంతా ఊడాక పైకి తీసేసరికి ఏ తోలు ఎవరిదో గుర్తుపట్టే దారి లేకపోయింది. పెద్ద తోలు చూసి రాక్షసుడికి, నునుపైనది చూసి రాజుకు, మిగిలినవి మంత్రికీ భటులకూ కోశాడు. ఆఖరున ఒక చిన్న, చెవి దగ్గర చిరిగిన తోలు మిగిలితే దానితో నాంచారక్కను చేశాడు. గీకి, పలచన చేసి, చిల్లులు పొడిచి, రంగులద్ది ఎండకు ఆరేస్తే బొమ్మలు జీవం ఉట్టిపడుతూ నిలబడ్డాయి. చూసినవాళ్లంతా నోళ్లు తెరిచారు, ఒక్క లింగయ్య తప్ప.

లింగయ్య మంద పోయిన నాటి నుంచి మనిషి ముభావమయ్యాడు. కొడుకును పిలిచి తేల్చి చెప్పాడు.

"శనివారం పొద్దు గూకినాక ఆడండి. ఆట కుదిరితే ఆ దోవనే పోదువు. కుదరకపోతే సోమవారం యల్లయ్య మేస్త్రి వెంట మార్కాపురం పలకల గనికి పో. మాట ఇచ్చినాను."

అంకన్న కష్టానికి వెరిచేవాడు కాదు. కాని పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా గోతిలో కూర్చుని తాను చీల్చిన పలక, రైలెక్కి చెన్నపట్నం పోతుంది. అక్కడ ఎవడో దాని మీద బొమ్మ గీస్తాడు. ఆ మాట తలుచుకుంటే అతనికి నిజంగా ఏడుపొచ్చేది.

పాకలో పంచెను తెరగా కట్టి, దీపం పెట్టి, తొలిసారి ఆడి చూసుకున్నప్పుడు బయటపడింది అసలు సంగతి. రాజు కత్తి ఎత్తి రాక్షసుడి మీదికి పోవాలి. అప్పుడే నాంచారక్క తన వంతు ముగించుకుని తెర మీది నుంచి పక్కకు పోయింది. వెంటనే రాజు కత్తి దించి ఆమె వెనకాల నడిచాడు. రాక్షసుడు రాజు వెనకాల నడిచాడు. మంత్రీ భటులూ తోసుకుంటూ నడిచారు. బొమ్మల బద్దలు పట్టుకున్నవాళ్లను కూడా అవి గోడ దాకా ఈడ్చుకుపోయాయి.

"ముందు నడిచే మేక తోలది," అన్నాడు కాటమరాజు మోచెయ్యి రుద్దుకుంటూ. "నీకు కండ్లు లేవా? మందకు పెద్దను పట్టుకుని గయ్యాళి వేషం వేస్తావా?"

"నానినాక అన్నీ ఒకటే మాదిరి ఉన్నాయి కదరా," అన్నాడు అంకన్న.

"నాంచారక్క రంగు గీకేసి దాన్నే రాజును చేద్దాం అన్నా," అంది రత్నమ్మ.

అట్లా చేస్తే రాజు రాక్షసుడి మోకాలు దాకా కూడా రాడు. పైగా నాంచారక్కంటే అంకన్నకు ఎందుకో పాణం. గీకడానికి చెయ్యి రాలేదు.

"అసలు దాన్ని తెర మీదికే తేవద్దు. బుట్టలో పెట్టి మూత వేస్తే పీడ పోతాది," అన్నాడు కాటమరాజు.

అది పనికిరాదని అంకన్నకు తెలుసు. ముందు నడిచేది లేకపోతే మంద ఏం చేస్తుందో కాపరి కొడుక్కి ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అట్ల చేస్తే కష్టమేమో," అన్నాడు. కాటమరాజు గుడ్లురిమేసరికి, "మీ ఇష్టం," అన్నాడు.

శనివారం వచ్చింది. ఊరి బయట కళ్లంలో తెర కట్టారు. ఆముదం దీపాలు వెలిగించారు. ఊరు ఊరంతా వచ్చి కూర్చుంది. ముందు వరసలో లింగయ్య, పక్కనే యల్లయ్య మేస్త్రి. కాటమరాజు నాంచారక్కను బుట్ట అడుగున పెట్టి, మూత మీద రాయి కూడా పెట్టాడు.

రత్నమ్మ పాట ఎత్తుకుంది. రాజు వచ్చాడు. వచ్చి నిలబడ్డాడు. రాక్షసుడు వచ్చాడు. అతనూ నిలబడ్డాడు. కాటమరాజు వెనక నుంచి ఎంత గుంజినా రాజు కదల్లేదు. మెల్లగా తల దించి రాక్షసుడి తలకు ఆనించాడు. రాక్షసుడూ తల దించాడు. మంత్రి వచ్చి నడుమ తల దూర్చాడు. మిట్టమధ్యాహ్నం నీడ లేని బయల్లో జీవాలు నిలబడినట్టు అందరూ తలలు కలిపి నిలబడ్డారు. వరప్రసాదం వాయిస్తూనే ఉన్నాడు.

"యుద్ధం ఎప్పుడురా?" అని అరిచాడొకడు.

"యుద్ధం లేదు ఏమీ లేదు. ఆదివారం పాట ఇంటాండారు, చూడు ఎంత నిమ్మళంగా ఉన్నారో," అంది ఒక ముసలమ్మ. కళ్లమంతా గొల్లుమంది.

నవ్వుల నడుమ యల్లయ్య మేస్త్రి గొంతు తెరకు ఇవతలికి స్పష్టంగా వినిపించింది. "లింగయ్య మామా, సోమవారం పొద్దున్నే పంపియ్. సద్ది కట్టి పంపియ్."

అంకన్న లేచాడు. బుట్ట మీది రాయి తీసి పక్కన పెట్టాడు. కాటమరాజు చెయ్యి అడ్డం పెడితే ఆ చేతిని కూడా తీసి పక్కన పెట్టాడు.

"రత్నమ్మా, రాజు పాట ఆపు. నాంచారి పాట ఎత్తుకో. వరప్రసాదం, నువ్వు పాటల పుస్తకం మూసి దీని నడక చూసి వాయించు. కాటమరాజూ, రాజును గుంజబాక. అది యాడికి పోతే నువ్వూ ఆడికి పో."

ముగ్గురూ అతని మొహం చూస్తూ నిలబడ్డారు. ఇంకో మాట ఉంటుందని, అలవాటు కొద్దీ, దానికోసం ఎదురుచూశారు. ఆ మాట రాలేదు. దాంతో చేసేదేమీ లేక చెప్పినట్టు చేశారు.

నాంచారక్క తెర మీదికి వచ్చింది. నాలుగడుగులు వేసింది, ఆగింది, వెనక్కి తిరిగి చూసింది, కాలితో నేలను తన్నింది. రాజు చప్పున తలెత్తి ఆమె వెనకాల చేరాడు.

"కిరీటం పెట్టుకున్నావు గాని మబ్బులు యాడుండాయో తెలవదా నీకు?" అన్నాడు అంకన్న నాంచారక్క గొంతుతో. అంత గొంతు తనలో ఉన్నట్టు అతనికే తెలియదు. "రా నా వెంట! రేయ్ కరువోడా, నువ్వు కూడా రా. అంత గడ్డం పెంచినావే, కొట్టం గడియ తీసే బుద్ధి లేకపోయిందే! కత్తి ఆడ పారేసి కడవ ఎత్తుకో!"

రాక్షసుడు బుద్ధిగా నడిచాడు. వరప్రసాదం తొలిసారిగా వేళ్లు పరిగెత్తించాడు. కాటమరాజు రాజు వెంట పరిగెత్తుతూ, "నాకు కూడా ఒక కడవ ఇయ్యి నాంచారక్కా," అని తన సొంత మాట కలిపాడు. అది కథలో లేదు. జనం పొట్టలు పట్టుకున్నారు. రాజూ రాక్షసుడూ జోడుగా కడవలెత్తుకుని మబ్బుల కొట్టానికి పోతుంటే, ఇందాక వెక్కిరించిన ముసలమ్మే "ఇంకా తిట్టవే, ఇంకా తిట్టు!" అని కేకేసింది.

నాంచారక్క మళ్లీ ఆగింది. వెనక్కి చూసింది. అందరూ వస్తున్నారో లేదోనని కాలితో నేలను తన్నింది.

ముందు వరసలో లింగయ్య లేచి నిలబడ్డాడు.

"నా బొల్లిది!" అన్నాడు. "అది నా బొల్లిదిరా!"

బొల్లిమేక పోయిన నాడు లింగయ్య అన్నం ముట్టలేదు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు అంతమంది నడుమ నిలబడి, సిగ్గు లేకుండా కళ్లనీళ్లు పెట్టుకుని, నాలుక మడిచి మందను పిలిచే కేక పెట్టాడు.

తెర మీద బొమ్మలన్నీ ఒక్కసారిగా అటు తిరిగాయి. నాంచారక్క తెర అంచు దాటి, అంకన్నను వెంటబెట్టుకుని బయటికి వచ్చింది. లింగయ్య దగ్గరికి పోయి అతని అరచేతిలో ఉప్పు కోసం మూతి ఆనించింది. రాజు, రాక్షసుడు, మంత్రి, భటులు, బద్దలు పట్టుకున్న కాటమరాజు అందరూ వచ్చి చుట్టూ మూగారు. జనం జరిగి చోటిచ్చారు.

"బొల్లిదానికి గయ్యాళి వేషం వేసినావేందిరా?" అన్నాడు లింగయ్య కొడుకుతో. "రాణి వేషం వెయ్యాల్సింది."

"చిన్న తోలు నాయనా. రాణికి చాల్లేదు."

"అన్నేండ్లు దాని వెంట తిరిగి దాన్నే గుర్తుపట్టలేదు నువ్వు. మేకల్ని బండల మీద గీసినావు గాని, వాటి మొకం చూస్తే కదా!" అంటూ బొమ్మ చిరిగిన చెవిని వేలితో సర్ది, దాని వెనకాల వరసగా నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. బొమ్మల్నీ చూశాడు, బద్దలు పట్టుకున్నవాళ్లనీ చూశాడు. అతని మొహంలో ఏడాదిగా లేని వెలుగొచ్చింది.

యల్లయ్య మేస్త్రి కూడా నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటున్నాడు. అయినా పని పనే కదా. "మరి లింగయ్య మామా, సోమవారం సంగతి?" అన్నాడు.

లింగయ్య అతనికేసి వింతగా చూశాడు.

"మంద ఉండంగ కాపరిని గనికి ఎట్ల పంపేది యల్లయ్యా?" అన్నాడు. "రేపు పొద్దున్నే పెద్దారవీడు దిక్కు తోలుకుపోవాల."

కండువా దులిపి భుజాన వేసుకుని, అంకన్ననూ నాంచారక్కనూ ముందుకు పొమ్మని చెయ్యి ఊపి, మంద మొత్తం కదిలేదాకా ఆగి, తాను వెనకాల నడిచాడు.