గుండీ ముట్టుకోని పెన్సిల్

మూడో తరగతి టీచరమ్మకు పిల్లలంటే ప్రేమ. పిల్లల గురించి చెప్పే శిక్షణ తరగతులంటే ఇంకాస్త ఎక్కువ ప్రేమ. వెళ్ళిన ప్రతిసారీ ఒక కొత్త సిద్ధాంతం సంచిలో వేసుకుని వచ్చేది. ఈ ఏడాది తెచ్చిన సిద్ధాంతం, తప్పులు చేస్తేనే పిల్లలు నేర్చుకుంటారని. "తప్పైనా ఫరవాలేదు, రాయండి!" అని రోజుకు నలభైసార్లు చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. ఇంత తేలికైన పాఠం వాళ్ళకు ఎప్పుడూ దొరకలేదు కనుక పిల్లలంతా హాయిగా తప్పులు రాసి పారేశారు. గుండీ మాత్రం పెన్సిలే ముట్టుకోలేదు.

గుండీ దర్జీ ఇంటి పిల్ల. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని వీధివీధంతా అలాగే పిలుస్తుంది. బడి తెరిచి మూడు నెలలైనా ఆ పిల్ల నోటుపుస్తకం కొట్లో కొన్నప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంతే శుభ్రంగా ఉంది. పోనీ, పాఠం వినదా అంటే, బోర్డును రెప్ప వేయకుండా చూసేది. "రాయవే తల్లీ" అని బతిమాలితే బుద్ధిగా తల ఊపి, మళ్ళీ బోర్డు చూసేది. టీచరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ తెల్ల పుస్తకం సంగతి పెద్దసారు దాకా వెళ్ళింది.

"శుక్రవారం నేనే వచ్చి లెక్కలు అడుగుతాను. బోర్డు మీద రాసిందా సరే. లేదంటే రెండో తరగతిలో కూచోబెట్టేద్దాం."

రెండో తరగతిలో ఉన్నది ఎవరు? గుండీ సొంత తమ్ముడు. వాడి పక్కన బెంచీ మీద కూచుంటే వాడు ముసలాడయ్యేదాకా దెప్పుతూనే ఉంటాడు. ఆ సాయంత్రమే టీచరమ్మ దర్జీ కొట్టుకు బయలుదేరింది.

కొట్టంటే ఇంటి ముందు గదే. ఒక మూల తండ్రి తల ఎత్తకుండా మిషను తొక్కుతున్నాడు. మధ్యలో పొడుగాటి బల్ల, దాని వెనక కత్తెర పట్టుకుని నానమ్మ. ఆ ఇంట్లో కుట్టేది ఎవరైనా, గుడ్డ కత్తిరించేది మాత్రం ఆవిడే. గుండీ ఆవిడ మోచేతి పక్కన ముక్కాలిపీట ఎక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, బోర్డును చూసినట్టే కత్తెరను చూస్తోంది.

"పిల్ల భయపడుతోందండీ. కాస్త తప్పులు చేయనివ్వండి" అంది టీచరమ్మ.

కత్తెర ఆగింది. "తప్పులా? ఎవరి గుడ్డ మీద?"

శిక్షణలో ఎవరూ గుడ్డ గురించి చెప్పలేదు.

"నేను మా అత్త చెయ్యి నాలుగేళ్ళు చూశానమ్మా. చూడ్డమే, ముట్టుకోలేదు. కన్ను కుదిరాక కత్తెర ఇచ్చింది. మొదటిరోజే కోటు కత్తిరించా. మా చిన్నోడు కన్ను కుదరకముందే ఎగబడ్డాడు. పెళ్ళికొడుకు కోటుకి ఒక చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడు బస్సు నడుపుకుంటున్నాడు."

బస్సు నడపడం గురించి ఆవిడ జైలు సంగతి చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పింది.

అక్కడే టీచరమ్మకు వెలగాల్సింది. వెలగలేదు. సిద్ధాంతం నెత్తిన కూచున్న మనిషికి ఎదురుగా ఉన్నది కనబడదు. "అదంతా మీ పనిలోనండీ. బడిలో తప్పులు చేయాలి. మీరు ఒక్కమాట చెప్తే చాలు, చేస్తుంది" అని పట్టుబట్టింది.

నానమ్మ కత్తెర పక్కన పెట్టింది. "మీరు పిల్లకి గురువు. మీ మాట కాదంటామా? ఒసేయ్, విన్నావుగా. టీచరమ్మ తప్పులు చేయమంటోంది. చెయ్యి."

గుండీ బుద్ధిగా తల ఊపింది. టీచరమ్మ గెలిచిన మొహంతో ఇల్లు చేరింది.

శుక్రవారం పెద్దసారు వచ్చాడు. గుండీ లేచి వెళ్ళి సుద్దముక్క అందుకుంది. అది చూడగానే టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"ఏడు ఎనిమిదులు?"

గుండీ 57 అని రాసింది.

"ఆరు తొమ్మిదులు?"

55.

"నాలుగు పన్నెండులు?"

49. చెయ్యి తడబడలేదు, వేలు తడుముకోలేదు. గుండ్రటి అంకెలతో చకచకా పది లెక్కలు రాసింది. పదికి పదీ తప్పే.

"ఈ పిల్లకి రెండో తరగతి కూడా ఎక్కువేనండీ" అన్నాడు పెద్దసారు. తరగతంతా గొల్లుమంది.

టీచరమ్మ మాత్రం బోర్డును గుడ్లప్పగించి చూస్తోంది. పదింటికీ సరిగ్గా ఒక్కటే ఎక్కువ. సరైన జవాబు తెలియనిదే ఇంత శుద్ధంగా తప్పు రాయడం ఎవరి తరమూ కాదు.

"ఎందుకే అన్నిటికీ ఒకటి ఎక్కువేశావ్?"

"మీరేగా టీచర్ తప్పులు చేయమన్నారు? మీరు వెళ్ళాక నానమ్మేమో చేసేదేదో ఎక్కువ వైపే చెయ్యమంది. ఎక్కువైతే లోపలికి మడిచి కుట్టుకోవచ్చంట. తక్కువైతే గుడ్డ దండగంట."

పెద్దసారు టీచరమ్మ వైపు తిరిగాడు. "తప్పులు రాయమని మీరు చెప్పారా?"

పిల్లకి అర్థం కాలేదు సార్ అంటే సరిపోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. రోజుకు నలభైసార్లు తప్పైనా ఫరవాలేదని దంచిన మనిషికి, తన వంతు వచ్చేసరికి తప్పు ఒప్పుకోవడం కొండంత పనైంది. ముప్పైమంది పిల్లలు చూస్తున్నారు. గుండీ సుద్దముక్క గుప్పిట్లో బిగించి రెండో తరగతి గోడ వైపు చూస్తోంది. ఆ చూపుకు టీచరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

"చెప్పాను సార్. ఇంటికెళ్ళి మరీ చెప్పాను. తప్పు నాది, పిల్లది కాదు."

పెద్దసారుకు ఏం చేయాలో పాలుపోలేదు. తన ఉద్యోగంలో తనతో సహా ఎవరూ ఆ మాట అనగా ఆయన వినలేదు. గొంతు సవరించుకుని, "సరే, అమ్మాయ్, సరైనవి రాయి" అన్నాడు.

గుండీ టీచరమ్మ వైపు చూసింది. "రాయొచ్చా టీచర్?"

"రాయి తల్లీ."

56, 54, 48. కిందిదాకా గబగబా రాసేసింది. పెద్దసారు మీసం నిమురుకుంటూ, "మూడులోనే ఉండనివ్వండి" అని వెళ్ళిపోయాడు.

బెల్లు కొట్టాక టీచరమ్మ గుండీని దగ్గరికి తీసుకుంది. కోపం, ప్రేమ, ఏడుపు అన్నీ కలిసి వచ్చాయి.

"అన్నీ వచ్చి కూడా మూడు నెలలు ఎందుకే నన్నలా ఏడిపించావ్?"

గుండీ కాస్త మొహమాటపడింది. పెద్దవాళ్ళను నొప్పించకూడదని ఇంట్లో చెప్పి పెంచిన పిల్ల.

"మీరు రోజూ బోర్డు మీద రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం చేస్తున్నారు కదా టీచర్. మీకు పూర్తిగా వచ్చాక మొదలెడదామని ఆగాను."