అయిదో నంబరు వంతు

మా టీములో అయిదో నంబరు వంతుల ప్రకారం వచ్చేది. నవ్వకండి, నిజం. ఏడాదికోసారి మా కంపెనీ అందరికీ ఒకటి నుంచి అయిదు దాకా రేటింగు ఇస్తుంది. ఒకటి అంటే మహానుభావులు, అయిదు అంటే పనికిమాలినవాళ్ళు. ప్రతి టీములో ఒకరికి అయిదు పడి తీరాలని పైవాళ్ళ రూలు. ఆరుగురం గొడ్డుచాకిరీ చేసినా సరే, అందులో ఒకరిని చూపించి ఇది కుంటిది అనాలి.

ఆ రూలు పెట్టిన మొదటి ఏడాది మాలో మాకు చెడింది. ఒకరి మీద ఒకరం మేనేజరుకు చాడీలు మోశాం. మధ్యాహ్నం కలిసి తినడం కూడా మానేశాం. అప్పుడు అక్క ఒక ఉపాయం చెప్పింది. అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మా టీములో అందరికంటే పెద్దది, నలభై తొమ్మిదేళ్ళు. ఆస్పత్రుల మందుల నిల్వలు చూసే ఒక పాత ప్రోగ్రాము ఆవిడ చేతిలో ఉండేది, అదేమిటో మాకెవరికీ అంతుపట్టేది కాదు. ఎందుకర్రా ఈ కొట్లాట, ఆరుగురం ఉన్నాం కదా, ఏడాదికి ఒకరం చొప్పున ఆ అయిదేదో పంచుకుందాం అంది. మేనేజరుకు చెప్పాం. అతనికి మేం పెట్టుకున్న పేరు గంగిరెద్దు. పైవాళ్ళు ఏమన్నా తలూపుతాడు, మేం ఏమన్నా తలూపుతాడు. దీనికీ ఊపాడు.

అయిదు పడ్డవాళ్ళకు ఆ ఏడాది జీతం పెరగదు, బదిలీ అడిగే వీలుండదు. అంతకు మించి ఏమీ కాదు. ఒక్క చిక్కేమిటంటే, అయిదు ఎందుకిచ్చారో తోటి ఉద్యోగి ఒకరు ఫారంలో మూడు లోపాలు రాసి పంపాలి. దానికీ దారి కనిపెట్టాం. వంతు వచ్చినవాళ్ళే తమ లోపాలు చెబుతారు, పక్కవాళ్ళు రాసి పెడతారు. ఒక ఏడాది మా డిజైనరు తన మీద తనే, మీటింగుల్లో కళ్ళు తెరుచుకుని నిద్రపోతాడు అని రాయించుకున్నాడు. గంగిరెద్దు బతిమాలితే దాన్ని కొట్టేశాడు. నాలుగేళ్ళు అలా నవ్వుకుంటూనే గడిచిపోయాయి.

అయిదో ఏడు వంతు నాది, ఆరోది అక్కది. సరిగ్గా అప్పుడే మా ఆయన ఉద్యోగం వేరే ఊరికి మారింది. నాలుగేళ్ళ పాపతో నేనిక్కడ, ఆయనక్కడ. ఆ ఊళ్ళో మా కంపెనీ ఆఫీసు ఉంది, బదిలీ అడగాలి. అయిదు పడితే ఇంకో ఏడాది దాకా ఆ మాటే ఎత్తడానికి లేదు. నేనెవరికీ చెప్పలేదు గానీ, పాప ఫోన్లో నాన్న ముఖాన్ని వేలితో తుడవడం ఒకరోజు అక్క చూసింది. నీ వంతు నాకిచ్చెయ్, వచ్చే ఏడు నాది నువ్వు తీసుకో, నాకిప్పుడు బదిలీ ఎందుకు, మీ బావగారు నడుం విరిగి మంచాన ఉన్నాడు, ఆ మంచాన్ని ఎక్కడికి మొయ్యను అంది. ఆవిడ సంపాదన మీదే ఆ ఇల్లు నడుస్తోందని నాకు తెలుసు. అయినా సరేనన్నాను. ఒక్క ఏడాదే కదా అనుకున్నాను.

ఫారం నింపే రోజు అక్క నా కుర్చీ పక్కన కూర్చుని హాయిగా చెప్పింది. ఒకటి, పొద్దుటి మీటింగులకు ఆలస్యంగా వస్తుంది. రెండు, మెయిళ్ళకు వెంటనే జవాబివ్వదు. రెండూ పచ్చి అబద్ధాలే. ఆఫీసు దీపాలు వేసేదే ఆవిడ. మూడోది ఆలోచిస్తుండగా ఇంటి నుంచి ఫోను వచ్చింది, బావగారు ఒక్కడే గోడ పట్టుకుని లేచి వెళ్ళి స్నానాల గదిలో జారిపడ్డాడని. సంచీ భుజాన వేసుకుని, మూడోది నువ్వే ఏదో ఒకటి పడెయ్యవే అంటూ పరుగెత్తింది. నేనూ ఏదో ఒకటి పడేసి, పంపు అన్న బటన్ నొక్కి, పాపను తెచ్చుకోవడానికి బడికి పరుగెత్తాను. ఏం రాశానో రోడ్డు దాటేసరికే మర్చిపోయాను.

పదకొండు రోజుల తర్వాత పైవాళ్ళ మెయిలు వచ్చింది. మనమంతా ఒక కుటుంబం అని మొదలైంది. అలా మొదలయ్యే ఉత్తరంలో మంచి కబురు ఉండదని ఆఫీసు బల్లలకు కూడా తెలుసు. ఈ ఏడాది అయిదు వచ్చిన మిత్రులు కొత్త ప్రయాణం మొదలుపెట్టబోతున్నారట. మిత్రులట, ప్రయాణమట! మెడపట్టి గెంటుతున్నాం అని రాయడానికి వీళ్ళ చేతులు పడిపోయాయా?

గంగిరెద్దు గదిలోకి దూసుకెళ్ళి, ఆ అయిదు నాది, నా పేరు పెట్టు అన్నాను. అతను తలుపు వేసి వచ్చాడు. జాబితా పంపేశాక తన చేతిలో ఏమీ ఉండదట. వంతుల సంగతి బయటపెడితే నాలుగేళ్ళ రేటింగులన్నీ దొంగవని తేలి, ఆరుగురితో పాటు తనూ వీధిన పడతాడట. అప్పుడైనా మీ అక్క మిగులుతుందా అని అడిగాడు. మిగలదు. జీవితంలో మొదటిసారి ఆ తల అడ్డంగా ఊగింది, అదీ నా ఖర్మకు.

పోనీ నేనే వెళ్ళి హెచ్చార్ మేడమ్‌కు అంతా చెప్పేస్తానని అక్కతో అన్నాను. అక్క నన్ను మెట్ల దగ్గరికి లాక్కెళ్ళి తిట్టింది. నువ్వు చెబితే డిజైనరు పోతాడు, నువ్వు పోతావు, నేనెలాగూ పోతాను, ఆరుగురం వీధిన పడి ఏం సాధిస్తాం, నోరు మూసుకుని బదిలీ కాగితం పెట్టుకో అంది. తిడుతూనే నా చున్నీ సరిచేసింది. ఆ రాత్రి ఆవిడ నిద్రపోయిందో లేదో నేనడగలేదు.

మర్నాడు హెచ్చార్ మేడమ్ అక్కను పిలిచింది, నన్నూ పిలిచింది. ఎదుట అనలేని మాట వెనక రాయకూడదన్నది మా కంపెనీ సంస్కృతి, గోడకు పోస్టరు కూడా ఉంది. కాబట్టి ఎవరినైనా పంపేముందు, లోపాలు రాసినవాళ్ళు ఎవరి మీద రాశారో వాళ్ళ ఎదురుగా అవునని ఒప్పుకోవాలి. గాజు గది, గుండ్రటి బల్ల, బల్ల మీద నీళ్ళ సీసాలు, ఒక టిష్యూ పెట్టె. మేడమ్ చెడ్డ మనిషేం కాదు. గొంతు మెత్తగా ఉంది.

అందరినీ పంపడం లేదని ఆవిడే ముందుగా చెప్పింది. లోపాలు అలవాట్లకు సంబంధించినవైతే ఆరు నెలలు గడువిచ్చి చూస్తారట. పనితనానికి సంబంధించినవైతేనే పంపిస్తారట. నా ప్రాణం లేచొచ్చింది. ఆలస్యంగా రావడం అలవాటే, మెయిళ్ళూ అలవాటే. బల్ల కింద అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి, అయినా నా చేతిని గట్టిగా నొక్కింది.

మేడమ్ మొదటిది చదివింది, పెద్ద విషయం కాదంది. రెండోది చదివింది, ఇదీ కాదంది. మూడోదాన్ని కొంచెం నెమ్మదిగా చదివింది.

"కొత్త పద్ధతులు నేర్చుకోవడం ఎప్పుడో మానేశారు. ఆ సంగతి బయటపడకుండా పక్కవాళ్ళు ఆమె పని సర్దుకొస్తున్నారు. ఆ పాత ప్రోగ్రాము తీసేస్తే ఆమె చేయగలిగిన పని ఇక్కడ లేదు."

ఆ మాటలు నావే. చదువుతుంటే గుర్తొచ్చాయి. నా ఉద్యోగమే తప్పులు పట్టడం. ఎవరు రాసిన ప్రోగ్రామైనా నా దగ్గరికి వస్తుంది, ఎక్కడ విరుగుతుందో చూసి నాలుగు ముక్కల్లో రాసేస్తాను. ఆ రోజు బడి గంట కొట్టే వేళ, అబద్ధం అల్లే తీరిక లేక, చేతికి అందిన నిజం రాసేశాను. ఆ పాత ప్రోగ్రాము కాక అక్క పంపిన మిగతా పని మళ్ళీ నేను సరిచేసి, ఆవిడకు చెప్పకుండా దాటించిన రోజులు ఎన్నో ఉన్నాయి. డిజైనరూ చేశాడు, అందరం చేశాం. పెద్దావిడ కదా, చిన్నబుచ్చుకుంటుందని.

ఎవరిని పంపాలో తేల్చే కమిటీ దీన్ని చూసే నిర్ణయం తీసుకుందని మేడమ్ అంది. తర్వాత నా వైపు తిరిగి, ఇవి మీరు రాసినవేనా, నిజమేనా అని అడిగింది.

మొదటి రెండూ అబద్ధాలని అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుంది? అబద్ధాలు పోయి నిజం ఒక్కటే మిగులుతుంది. అక్క నా చెయ్యి వదిలేసింది. వదిలేసి, మేడమ్‌తో తనే నిమ్మళంగా, అమ్మాయి అబద్ధం రాయదండీ అంది. నేను తలూపాను. అచ్చం మా మేనేజరు లాగే ఊపాను. ఇలా నిర్మొహమాటంగా చెప్పేవాళ్ళే సంస్థకు కావాలని మేడమ్ నన్ను మెచ్చుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా కుర్చీలో కూర్చునే ఉన్నాను.

అక్క తన బల్ల సర్దుకోవడానికి పావుగంట ఇచ్చారు. సెక్యూరిటీ అతను కాస్త దూరంగా, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. కళ్ళద్దాల పెట్టె, ఒక స్వెటరు, బావగారి మందుల చీటీ సంచీలో వేసుకుంది. టీము వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఏవో నసిగారు. నేను లిఫ్టు దాకా వెంట వెళ్ళాను. క్షమించమని ఎలా అడగాలో తెలియక, తొందరలో చేతికి ఏదొస్తే అది రాసేశానక్కా అన్నాను.

"తొందర సంగతి కాదే," అంది అక్క. ఆవిడ గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. "రేపట్నుంచి నేను ఇంకోచోట ఉద్యోగం అడగాలి. అందుకే అడుగుతున్నా. నిజంగానే నేను అంత వెనకబడ్డానా?"

కాదని చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, ఆవిడ భుజం మీంచి జారుతున్న సంచీని పైకి సర్దాను. ఆవిడ నా ముఖం వంకే చూస్తూ నిలబడింది, లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుంది. సెక్యూరిటీ అతను తలుపు మూసుకుపోకుండా చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇన్నేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. ఒక్కసారి నాతో అనుంటే నేర్చుకునేదాన్ని కదే," అని అక్క లిఫ్టు ఎక్కింది.