లెవ్కో గది గాలి

ఫర్నేస్ మళ్ళీ ఆగింది. అంటుకోవడం బాగానే అంటుకుంటుంది, నీలంగా మంట లేస్తుంది, ఫ్యాను తిరుగుతుంది. ఇల్లు కాస్త వెచ్చబడబోతుందనగా టప్పున మంట ఆరిపోయి ఉత్త ఫ్యానే చల్లగాలి ఊదుతుంది. కాసేపటికి మళ్ళీ మొదలు. నిన్న సాయంత్రం నుంచి ఇదే వరస. బయట మైనస్ ముప్పై ఎనిమిది. సస్కాచెవాన్‌లో జనవరి నెలలో ఫర్నేస్ మొరాయించడమంటే కొత్తల్లుడి అలక కాదు, బతిమాలితే తీరడానికి.

మిరోన్ బేస్‌మెంట్‌లో మోకాళ్ళ మీద కూర్చుని దాని మూత తీశాడు. ఫిల్టర్ మార్చాడు. పాతదానిలో పెద్ద దుమ్మేమీ లేదు. మంటను కనిపెట్టే సన్నటి కడ్డీని స్టీల్ పీచుతో రుద్ది మెరిపించాడు. బయటికెళ్ళి గోడలోంచి పొడుచుకొచ్చిన పొగగొట్టం మీది మంచును సుత్తితో కొట్టి రాల్చాడు. ఆ కాసేపటికే వేళ్ళు తనవి కాకుండా పోయాయి. లోపలికొచ్చి స్విచ్ వేశాడు. అంటుకుంది, ఆగింది. మెకానిక్‌కి ఫోన్ చేస్తే హైవే మూసేశారు, తెరిచేదాకా రాలేనన్నాడు.

నిజం చెప్పాలంటే, ఈ పని తగిలినందుకు మిరోన్‌కి లోలోపల కాస్త తెరిపిగానే ఉంది. నవంబరులో, సరస్సు ఇంకా సరిగా గడ్డకట్టకముందే, అతని పందొమ్మిదేళ్ళ కొడుకు లెవ్కో మంచు మీద నడిపే స్నోమొబిల్ బండి వేసుకుని దాని మీదికెళ్ళాడు. మంచు విరిగి లోపలికి పోయాడు. అప్పటి నుంచి మిరోన్‌కి చేతినిండా పనుంటే చాలు. చెడిన వస్తువును విప్పితే కారణం కనిపిస్తుంది, కారణం కనిపిస్తే బాగుచెయ్యొచ్చు. మిగతా బతుకు అలా విప్పి చూసుకోవడానికి లేదు.

పొలానికి అవతల ఉండే జెనోన్ బూట్లకు అంటిన మంచు దులుపుకుంటూ మెట్లు దిగాడు. మిరోన్ భార్య స్టెఫాకి తమ్ముడు. వాడి నోరు ఎంత చలిలోనూ గడ్డకట్టదు.

"ఏం బావా, పొయ్యి రాజెయ్యడం కూడా మర్చిపోయావా? కొండనాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొట్టలేదు కదా?"

"నోరు మూసుకుని ఆ టార్చి పట్టు."

"పడతాలే. మా ఆవిడ బీట్‌రూట్ సూప్ పంపింది. వేడిగా తాగమంది. మీ ఇంట్లో అది గడ్డకట్టేలా ఉంది, కోసుకుని తినాలి."

మిరోన్‌కి నవ్వు రాలేదు గానీ మనిషి తోడున్నందుకు బాగుంది. లోపల చిన్న ఎర్ర దీపం ఆగి ఆగి మిణుకుమంటోంది. ఆ మిణుకులకి అర్థమేమిటో మూత లోపలివైపు అచ్చేసి ఉంది. జెనోన్ వంగి చదివాడు.

"మితిమీరి వేడెక్కిందట! ఇల్లంతా చలితో చస్తుంటే దీనికి వేడి చేసిందట, చూశావా?" అని, నవ్వడం మానేసి కాసేపు ఆలోచించాడు. "గాలి అందట్లేదు బావా. గదుల్లో చల్లగాలి దీని దగ్గరికి వెనక్కి రావాలి కదా, అప్పుడే గదా ఇది కాచి పంపేది! వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయింది. వేడంతా లోపలే ఉండిపోయి, కాలిపోతానేమోనని భయపడి తనే ఆర్పేసుకుంటోంది."

గాలి వెనక్కి వచ్చే జాలీలు ఆ ఇంట్లో రెండే. హాల్లో ఉన్న చిన్నదానికి అడ్డమేమీ లేదు.

"పెద్దది పైనుంది కదా?" అన్నాడు జెనోన్. "మీ నాన్న ఏ బుద్ధి పుట్టి కట్టాడో గానీ, ఎవరైనా దాన్ని పడగ్గదిలో పెడతారా..." అని టక్కున ఆగిపోయాడు. ఆ పడగ్గది లెవ్కోది.

ఇద్దరూ పైకెళ్ళారు. లెవ్కో గది తలుపు మూసి ఉంది. కింది సందులో తువ్వాళ్ళు కుక్కి ఉన్నాయి. తలుపుకి ఆనుకుని, దుప్పటి కప్పుకుని, స్టెఫా నేల మీద కూర్చుని ఉంది.

"మీ మాటలన్నీ గాలి గొట్టాల్లోంచి వినిపించాయి. లోపలికి వెళ్ళొద్దు."

"ఒక్కసారి జాలీ చూసొస్తాను స్టెఫా."

"చూడక్కర్లేదు. నేనే మూశాను. నిన్న ప్లాస్టిక్ వేసి టేపు అంటించాను."

"ఎందుకు?"

"పీల్చేస్తోంది మిరోన్. వాడి వాసనంతా పీల్చేస్తోంది. రోజూ పొద్దున్నే వెళ్ళి వాడి మంచం మీద పడుకుంటానా, రోజురోజుకీ తగ్గిపోతోంది. ఎటు పోతోందో తెలియలేదు. నిన్న ఆ జాలీ దగ్గర చెయ్యి పెడితే నా అరచేతిని కూడా లాగింది."

మంచం కింద లెవ్కో హాకీ సంచీ ఉంది. ఆ సంచీ సంగతి ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నడిచిన భాగవతం. చెమటకి తడిసిన చేతి తొడుగులు, ఎన్నడూ ఆరని జెర్సీ. 'చచ్చిన దుప్పి కంపు కొడుతోందిరా, గరాజ్‌లో పడెయ్యి' అని స్టెఫా మొత్తుకునేది. వాడు సరేనని మంచం కింద దాచేవాడు. ఇప్పుడు ఆ కంపు కోసమే ఆమె తలుపుకి అడ్డం కూర్చుంది.

"అక్కా, వంటింట్లో కుళాయి అప్పుడే సన్నగిల్లింది. నీళ్ళ గొట్టాలు పగిలిపోతాయి," అన్నాడు జెనోన్ మెల్లగా.

"పగలనీ. గొట్టాలు మళ్ళీ వేసుకోవచ్చు."

జెనోన్ ట్రక్కు ఇంజను వేడి చేసొస్తానని గొణిగి, ముక్కు తుడుచుకుంటూ దిగిపోయాడు.

మిరోన్ ఆమె పక్కన చతికిలబడ్డాడు. ఆమె రోజూ ఆ గదిలోకి వెళ్ళడం అతనికి తెలుసు. తను మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళలేకపోయాడు.

"నేనా టేపు తియ్యలేను స్టెఫా. నా వల్ల కాదు. నువ్వు వద్దంటే జెనోన్ వాళ్ళింటికి పోదాం. ఇల్లు ఏమైతే అదవుతుంది."

మాటవరసకి అనలేదు. ఆమెకి అది తెలిసింది. అతని చెయ్యి తీసుకుని చూసింది. వేళ్ళ చివర్లు పాలిపోయి, రేకు గీసుకున్న చోట రక్తం గడ్డకట్టి ఉంది.

"చేతి తొడుగుల్లేకుండా బయటికెళ్ళావా? నీకు బుద్ధి లేదు, నీ కొడుక్కీ లేదు," అంది. ఆ మాటకి తనే ఏడ్చింది. ఏడుస్తూనే లేచి తువ్వాళ్ళు పక్కకి లాగింది. "నువ్వు కిందికెళ్ళి స్విచ్ వెయ్యి. నేను తీస్తాను."

అతను కింద స్విచ్ వేసి నిలబడ్డాడు. మంట అంటుకుంది. ఫ్యాను తిరిగింది. పైన టేపు ఊడుతున్న చప్పుడు గొట్టంలోంచి వినబడింది. మంట ఈసారి ఆరలేదు. ఎర్ర దీపం మిణుకుమనడం మానేసింది. ఇంకాసేపు చూసి, నమ్మకం కుదిరాక, వంటింట్లోకి వచ్చాడు.

వంటింట్లో లెవ్కో ఉన్నాడు.

వేడిగాలి వదిలే నేల మీది జాలీలోంచి ఆ గాలితో పాటు వాడి తొడుగులు, వాడి జెర్సీ, వాడి చెమట అన్నీ కలిసి గుప్పుమన్నాయి. పైగది గాలి ఫర్నేస్‌లో కాగి ఇల్లంతా పాకింది.

"స్టెఫా! కిందికి రా! తొందరగా రా!"

ఆమె పరుగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగింది. మరుక్షణం నేల మీదికి వంగి జాలీ దగ్గర ముఖం పెట్టింది. అతనూ పక్కన వంగాడు.

"ఛీ, ఎంత కంపురా నీది," అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. లెవ్కో పోయాక వాళ్ళు కలిసి నవ్వడం అదే మొదలు.

గాలి వస్తూనే ఉంది. కంపు తగ్గుతూ వచ్చింది.

"ఆపెయ్," అంది స్టెఫా. "మిరోన్, ఆపెయ్! పోతోంది!"

అతను మెట్లు దూకి స్విచ్ కట్టేశాడు. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. పైకొచ్చేసరికి ఆమె ఇంకా వంగే ఉంది, ముక్కు ఇనుప జాలీకి ఆనించి. చాలాసేపటికి తలెత్తింది.

"వేసెయ్యి," అంది.

అతను మళ్ళీ దిగి వేశాడు. మొదటిసారికే అంటుకుంది. ఇల్లంతా వెచ్చబడేదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

తలుపు తోసుకుని జెనోన్ వచ్చాడు, చేతులు రుద్దుకుంటూ. "అబ్బ, ఎంత హాయిగా ఉంది! బాగయిందా బావా?"

"బాగయింది," అన్నాడు మిరోన్.