పాకెట్టు మీద బిడ్డ

సాహితి ఉగ్గు అమ్మడానికి బోర్డు లేదు. ఉందంటే చంకలో చిన్నోడే బోర్డు.

నరసరావుపేటలో వాళ్ల ఇంటి వసారాలో తిరగలి, తిరగలి పక్కన చీర ఉయ్యాల. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు కడిగి నీడన ఆరేసి, దోరగా వేయించి, చిటికెడు వాము వేసి విసిరేది. చెయ్యి తిరగలి మీద, కాలి బొటనవేలు ఉయ్యాల తాడుకి. పెద్దది అమ్ములు పిండిలో చెయ్యి పెట్టకుండా దాని ముందు చేటలో చింతగింజలు పోసేది. మిక్సీలో వేస్తే పిండి వేడెక్కుద్ది, పసిపొట్టకి పడదని ఆమె పట్టు.

కొనవచ్చిన ఆడవాళ్లు పిండి చూసేవాళ్లు కాదు. చిన్నోణ్ణి ఎత్తుకుని తొడల మడతలు తడిమేవాళ్లు.

"వీడు తినేది ఇదేనా?"

"ఇదే పిన్నీ."

అంతే బేరం. వాళ్లు వీధి దాటాక సాహితి చిన్నోడికి ఉప్పు తిప్పి దిష్టి తీసేది.

బజార్లో కిరాణా కొట్టు ఆమె బావగారిది. గల్లా దగ్గర కూర్చునేది తోటికోడలు హైమావతి. సాహితి మొగుడు అరుణ్ ఆ కొట్లోనే సరుకు తూచేవాడు. చిన్నప్పుడు తల్లి పోతే వదినే పెంచింది అతన్ని.

"పాకెట్లు చేసి కొట్లో పెడదామే. పైన చిన్నోడి ఫోటో వేద్దాం" అంది హైమావతి ఒకసారి.

"వద్దక్కా. ఊరి కళ్లన్నీ వాడి మీదే పడతయ్. నేను విసిరింది నా గడపలోనే ఇస్తా."

"నీ ఇష్టం తల్లీ" అని నవ్వింది హైమావతి. అరుణ్ కూడా "వద్దంటే వద్దులే" అన్నాడు.

ఆ తర్వాత గడప తొక్కేవాళ్లు తగ్గారు. ఎండలు గదా అనుకుంది సాహితి.

ఒకనాడు పొద్దున్నే పక్కవీధి నాగేంద్రమ్మ వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"ఏమే, ఏం కలిపావే అందులో? నా మనవరాలికి ఆగకుండా విరేచనాలు. సెలైన్ ఎక్కిస్తే గానీ కళ్లు తెరవలేదు."

"మీరీమధ్య నా దగ్గర తీసుకోలేదుగా పిన్నీ?"

"కొట్లో దొరుకుతుంటే ఇంత దూరం ఎందుకు?" నాగేంద్రమ్మ పాకెట్టు అరుగు మీద పడేసింది. "ఇదుగో! వీడి మొహం చూసే గదే కొన్నా!"

చిన్నోడే. ఆకుపచ్చ చొక్కా, రెండు పళ్లు. పొట్ట మీద ఓ ఆడమనిషి చెయ్యి. గాజుల దాకా ఉంచి మిగతా మనిషిని కోసేశారు. ఆ గాజులు సాహితివి.

పిండి చిటికెడు నాలిక మీద వేసుకుంది. తీపి. వెనకే ముక్కిపోయిన వాసన.

"ఇది నేను విసిరింది కాదు పిన్నీ."

"పిండి నీది కాదు, సరే. బిడ్డ కూడా నీ బిడ్డ కాదంటావా?"

సాహితి పాకెట్టు వెలుగులోకి తిప్పి మళ్లీ చూసింది.

ఆ ఫోటో ఆమెకి గుర్తే. చిన్నోడికి తలంటి ఒళ్లో కూచోబెట్టుకుంటే అరుణ్ తీశాడు. అతని ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేదు.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన అరుణ్ కంచం పక్కన పాకెట్టు పెట్టింది.

"వదిన అడిగింది" అన్నాడు, తలెత్తకుండా.

"నన్ను అడగలేదేం?"

"అడిగితే వద్దంటావని. మన కొట్టేగా సాహితీ, బయటోళ్లా?"

"బయటోళ్లయితే తలుపేసుకునేదాన్ని."

అతను తిన్నాడు. మజ్జిగ కూడా పోసుకుని తిన్నాడు.

అతను వెళ్లిన కాసేపటికి చిన్నోణ్ణి చంకనేసుకుని, అమ్ములు చెయ్యి పట్టుకుని కొట్టుకి బయల్దేరింది. కొంగున కాటుక డబ్బీ ముడేసుకుంది.

కొట్లో నలుగురు ఆడవాళ్లున్నారు. హైమావతి గల్లా మీంచే పిలిచింది. "రావే! మనోడు ఎట్టా మెరిసిపోతన్నాడో చూశావా?"

సాహితి బల్ల మీద వరసలోంచి ఓ పాకెట్టు తీసింది. కాటుకలో వేలు ముంచి బిడ్డ నుదుట చుక్క పెట్టింది. అక్కడ ఆగలేదు. ఆముదపు కాటుక కళ్ల మీదికి, ముక్కు మీదికి, రెండు పళ్ల మీదికి పాకించింది. మొహం మాయమయ్యాక దాన్ని పక్కన పెట్టి ఇంకోటి తీసింది.

"ఏందే ఆ పని? సరుకు పాడు చేస్తన్నావ్!"

"దిష్టిచుక్క అక్కా. కన్నదాన్ని, నా బిడ్డకి పెట్టుకోవద్దా?"

"పెట్టుకోనీయమ్మా, తల్లి భయం తల్లిది" అని నవ్వింది ఒకావిడ, చేతిలో పాకెట్టుతో.

సాహితి ఆమె వైపు తిరిగింది. "పిన్నీ, మొహం నా బిడ్డది. పిండి నాది కాదు. నా బిడ్డ ఇది తినడు."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. పాకెట్టు బల్ల మీద పెట్టి చెయ్యి చీరకి తుడుచుకుంది.

"అరుణూ! నీ పెళ్లాన్ని ఇంటికి తీసుకుపో!" హైమావతి గొంతు లేచింది.

అరుణ్ తక్కెడ వదిలి వచ్చాడు. సాహితి అతని ముందుకి కాటుక డబ్బీ చాపింది.

"తండ్రేగా మీరు. మిగతావాటికి మీరు పెట్టండి."

అరుణ్ డబ్బీ చూడలేదు. చిన్నోణ్ణీ చూడలేదు. వదిన మొహం చూశాడు.

సాహితి చెయ్యి వెనక్కి తీసుకుంది. చిన్నోణ్ణి చంకలో పైకి సర్దుకుని, ఇంకో పాకెట్టు అందుకుంది.