నాగవంశీ తీసేసిన అక్షరం

ప్రసన్నకుమారి ఉద్యోగం ఒక అబద్ధంతో పోయింది.

2005లో సీతమ్మధారలోని నీలకంఠం గారి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె జావా భాషలో ప్రోగ్రాములు రాసేది. పోర్టులో ఓడల సరుకు దించే ఒక కంపెనీకి ప్రోగ్రామ్ చేస్తున్నారు. సరుకంటే బొగ్గు, జిప్సం, ఎరువు. క్రేన్ స్థితి అంటే ఖాళీ, పని, మరమ్మతు. ఇలా ముందే ఖాయమైన పేర్ల గుంపును జావాలో ఈనమ్ అంటారు. ఒక్కో ఈనమ్‌కి ఒక్కో క్లాసు, అంటే విడిగా ఒక కోడ్ భాగం, రాయడం దండగని, ప్రసన్న అన్నిటికీ సరిపడే జెనెరిక్ క్లాసు ఒకటే రాసింది. అది పెట్టె లాంటిది. ఏ ఈనమ్ కోసమో చెప్పడానికి E అనే అక్షరం పెట్టింది. సరుకు అని చెప్పిన పెట్టెలో క్రేన్ స్థితిని వేయబోతే, కోడ్‌ని ముందే సరిచూసే కంపైలర్ ఒప్పుకోదు.

అది చూసి నీలకంఠం మెచ్చుకుంటే, టీమ్ లీడర్ నాగవంశీ తనే రాశానన్నాడు. ప్రసన్న అడ్డం తిరిగింది. అప్పుడతను అందరి ముందూ, ఆమె దాన్ని నెట్‌లోంచి ఎత్తుకొచ్చిందనీ, తను సరిచేశాననీ చెప్పాడు. నీలకంఠం ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పంపేశాడు.

ఆ సాయంత్రం తండ్రి జ్ఞానదాసు ఆమె ఎదురుగా కూర్చుని నెమ్మదిగా అడిగాడు. "నిజం సెప్పమ్మా. దొంగతనం సేసావేటి?"

ఉద్యోగం పోయినందుకు రాని ఏడుపు ఆ మాటకు వచ్చింది. వంశీని వదలకూడదని అప్పుడే అనుకుంది.

కొన్ని నెలలకు ఆ సరుకు కంపెనీలోనే కంప్యూటర్ విభాగంలో ఆమెకు పని దొరికింది. బయటివాళ్లు చేసిన ప్రోగ్రాములను పరీక్షించడం ఆమె వంతు. నీలకంఠం వాళ్లు తమ ప్రోగ్రామ్‌ని కంపెనీకి చూపించే ప్రదర్శనకు వారం ముందు, ఆ ఆఫీసు నుంచి కోడ్ సీడీ వచ్చింది. తెరిచి చూస్తే తన క్లాసే, పైన వంశీ పేరు. కానీ E ఎక్కడా లేదు. ఏదో కొత్త రిపోర్టు కలుపుతుంటే కంపైలర్ ఎర్రగా తప్పులు చూపించి ఉంటుంది. ఎందుకో అర్థంకాక వంశీ ఆ అక్షరమే పీకేశాడు. ఎర్ర గీతలు పోయి పసుపు హెచ్చరికలు మిగిలాయి. ఇప్పుడా పెట్టె ఏది వేసినా పుచ్చుకుంటుంది. వెతికితే, క్రేన్‌ని మరమ్మతుకు పంపే చోట వంశీ ఆ స్థితిని సరుకు పెట్టెలోనే వేసేశాడు.

ఒక ఫోన్ చేస్తే అతను సాయంత్రంలోగా సరిచేసుకునేవాడు. ఆమె చేయలేదు.

ప్రదర్శన రోజు సరుకు కంపెనీ మేనేజరు రమణమూర్తి, నీలకంఠం పక్కపక్కనే కూర్చున్నారు. వంశీ అంతా బాగా చూపించాడు. ఆ క్లాసు గురించి ప్రసన్న అడిగితే, ప్రతి అక్షరం తనదేనన్నాడు. ఆమె తలూపి, ఒక క్రేన్‌ని మరమ్మతుకు పంపమంది. పంపాడు. సరుకు రిపోర్టు తెరవమంది. సరుకుల మధ్య క్రేన్ స్థితి తగిలి ప్రోగ్రామ్ కూలిపోయింది. మొదటి నుంచి మళ్లీ అవే చేయించింది. మళ్లీ కూలింది. తన పాత క్లాసును E తో సహా మళ్లీ రాసి అదే చోట పెట్టి, ఆ పెట్టె సరుకుదని చెప్పి, కంపైల్ చేసి చూపించింది. వంశీ రాసిన ఆ లైను కింద ఎర్ర గీత పడింది.

"ఇందులో E ఎందుకుందో సెప్పండి వంశీ గారూ," అంది. "మీరే రాసారు కదా."

వంశీ తెర మీద ఆ క్లాసును పైకీ కిందికీ జరిపి చూశాడు. నీలకంఠం తెర వైపు, ఆ తర్వాత ఆమె వైపు చూసి తల దించుకున్నాడు.

మెట్ల దగ్గర వంశీ ఆగాడు. "ముందే నాకో మాట సెప్పొచ్చు కదా ప్రసన్నా."

"సెప్పొచ్చు. వారం నుంచి నాకు తెలుసు," అంది. "మా నాన్న నన్ను దొంగవా అని అడిగాడు. నిన్నూ ఎవరైనా అడగాలి కదా."

కాంట్రాక్టు రద్దయింది. వంశీని తీసేశారు. నీలకంఠం ఆఫీసు నడవక, ఏ పాపమూ ఎరగని మరో ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఆ సంగతి తెలిసిన రోజు ప్రసన్నకు అన్నం సహించలేదు. అయినా, మళ్లీ అలాంటి రోజే వస్తే ఫోన్ చేస్తావా అని తండ్రి అడిగినప్పుడు, చేయనని చెప్పింది.